గోరింటాకు ఎర్రగానే పండుతుంది

పోయిన ఏడాది ట్రెడిషనల్ డే ముందు రోజు రాత్రి మా హాస్టల్ కారిడార్‌లో పదకొండు మందికి నేనే మెహందీ పెట్టాను. చేతికి యాభై రూపాయలు. సెకండ్ ఇయర్ నుంచి నా పాకెట్ మనీ ఇదే. నోట్‌బుక్కుల వెనక పేజీల్లో డిజైన్లు గీసే పిచ్చి ఇంటర్ నుంచే ఉంది కాబట్టి, కోన్ పట్టుకుంటే చెయ్యి దానంతట అదే తిరుగుతుంది.

ఆ రాత్రి చివర్లో కూర్చున్నది మా రూమ్మేట్. "నాకు ఎరుపు వద్దు మే, నల్లగా కావాల. రీల్స్‌లో వస్తుంది చూడు, అట్లాంటిది" అనింది. సాయంత్రం ఒక ఫ్యాన్సీ షాపులో మామూలు కోన్లతో పాటు నల్లది కూడా ఒకటి కొనుక్కొచ్చాను. పదిహేను నిమిషాల్లో పండుతుందని షాపాయన చెప్పాడు. అట్లాగే పండింది. కుడిచేతి వెనకవైపు మణికట్టు నుంచి చూపుడువేలి దాకా ఒక తీగ. కడిగి చూస్తే అచ్చం టాటూ మాదిరే ఉంది. ఈ కోన్ మాకెందుకు పెట్టలేదని మిగతా పదిమందీ నన్ను తిట్టారు.

మూడో రోజు పొద్దున తీగ ఎక్కడెక్కడ పోయిందో అక్కడంతా ఎర్రగా ఉబ్బింది. ఒకటే దురద. నాలుగో రోజుకు నీటి పొక్కులు లేచాయి. ఆ వారమే ల్యాబ్ ఇంటర్నల్. పాపం, పెన్ను పట్టుకోలేకపోయింది. డాక్టరమ్మ చెయ్యి చూసి, "ఇది గోరింటాకు కాదమ్మా, తలకేసుకునే రంగు. ఇంతకుముందు ఎప్పుడైనా నల్ల కోన్ పెట్టుకున్నావా?" అని అడిగింది. ఇంటర్‌లో ఒకసారి పెట్టుకున్నానని, అప్పుడేమీ కాలేదని మా రూమ్మేట్ చెప్పింది.

ఆ రాత్రి వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. "నువ్వు పెట్టింది ఏంది పాపా?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చదివేది కెమికల్ ఇంజినీరింగ్. మూడు సెమిస్టర్లు ఆర్గానిక్ కెమిస్ట్రీ రాశాను. ఇంకొకరి చేతిమీద పూసిన దాంట్లో ఏముందో తెలీదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే తెలిసిన సంగతులే ఈ వ్యాసం.

మా అవ్వ చెట్టు

మా అవ్వ వాళ్ళ ఊరు పుత్తూరు దాటినాక లోపలికి పోవాలి. పెరట్లో బావి పక్కన ఒక గోరింట చెట్టు. చిన్న చిన్న ఆకులు, పాత కొమ్మలకు ముళ్ళు, కాలం వస్తే గుత్తులు గుత్తులుగా తెల్లటి చిన్న పూలు. ఆ పూల వాసన రాత్రిపూట వరండా దాకా వచ్చేది. నీళ్ళు పోసినా పోయకపోయినా ఆ చెట్టు బతికేది. ఎండలకూ కరువుకూ తట్టుకునే మొక్క కాబట్టి మన రాయలసీమ నేలలో కంచెకు కూడా వేస్తారు.

పండగొస్తే పిల్లలందరం ఆకు దూసేవాళ్ళం. అవ్వ రోట్లో వేసి, కొంచెం చింతపండు, ఒక వక్క ముక్క వేసి మెత్తగా రుబ్బేది. రాత్రి అన్నం తిన్నాక వరసగా కూర్చోబెట్టి అరచేతి మధ్యలో ఒక గుండ్రం, దాని చుట్టూ చుక్కలు, వేళ్ళ చివర్లకు టోపీలు పెట్టేది. అంతే డిజైన్. ఆ తర్వాత దోమ కుట్టినా, ముక్కు దురద పెట్టినా ఏం చెయ్యలేం. ఎవరైనా ముందే కడిగేస్తే "అంత తొందరేల మే, దాన్ని పండనీ" అని కసిరేది. పొద్దున లేచి ఎవరి చెయ్యి ఎక్కువ పండిందా అని పోటీ. అప్పుడు నారింజ రంగులో ఉండేది, మర్నాటికి ముదురు ఎరుపు అయ్యేది. ఎందుకట్లా అని అప్పుడు అడగలేదు.

కోస్తా నుంచి వచ్చిన ఫ్రెండ్స్ అట్లతద్ది గోరింటాకు గురించి, ఆషాఢంలో తప్పకుండా పెట్టుకోవడం గురించి చెబుతారు. అట్లతద్ది సందడి మా వైపు అంతగా ఉండదు. మాకు పెళ్ళిళ్ళు, ఉగాది, ఊరి జాతర. చిత్తూరులో మా పిన్ని వాళ్ళ వీధిలో అయితే రంజాన్ ముందు రాత్రి, నెలవంక కనిపించిన చాంద్ రాత్ రోజు, అర్ధరాత్రి దాకా ఆడపిల్లలు చేతులు చాపుకుని కూర్చుంటారు. నేను కోన్ పట్టడం నేర్చుకున్నది ఆ ఇళ్ళల్లోనే. ఒకే ఆకు, ఒక ఇంట్లో ముద్దగా, పక్కింట్లో కోన్‌గా.

ఒక ఆకు, ఎన్నో పేర్లు

మన రెండు జిల్లాలూ మూడు భాషల సరిహద్దు. తెలుగులో గోరింటాకు అంటే, నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే ఇళ్ళల్లో మరుదాణి అంటారు. అటు పలమనేరు దాటి కన్నడ దేశంలోకి పోతే గోరంటి, మదరంగి. ఉర్దూలో మెహందీ, హినా. ఇంగ్లీషులోకి పోయిన హెన్నా అరబ్బీ మాట. సంస్కృత వైద్య గ్రంథాల్లో దీన్ని మదయంతిక అన్నారు. మెహందీ అంటే మొఘలులు తెచ్చింది అని చాలామంది అనుకుంటారు. కోన్ డిజైన్లలో ఆ ప్రభావం ఉందేమో గానీ, ఆకు మాత్రం అంతకు చాలా ముందు నుంచీ ఇక్కడ ఉంది.

బోటనీ పేరు లాసోనియా ఇనర్మిస్. లిన్నేయస్ తన స్నేహితుడైన ఐజాక్ లాసన్ అనే స్కాట్లాండ్ డాక్టరు పేరు దీనికి పెట్టాడు. ఆ పేరు నుంచే దీంట్లోని రంగు పదార్థానికి లాసోన్ అనే పేరు వచ్చింది. ఉత్తర ఆఫ్రికా నుంచి అరేబియా, ఇరాన్ మీదుగా మన దేశం దాకా వేడి, పొడి నేలలున్న ప్రతిచోటా ఈ మొక్క ఉంది. పాత ఈజిప్టు మమ్మీల జుట్టుమీద, గోళ్ళమీద హెన్నా ఆనవాళ్ళు దొరికాయి. బైబిల్ పరమగీతంలో వచ్చే కోఫెర్ అనే హీబ్రూ పూలు గోరింట పూలేనని పండితులు చెబుతారు.

2024 డిసెంబరులో యునెస్కో హెన్నా ఆచారాలను మానవజాతి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. అడిగినవి 16 అరబ్ దేశాలు కలిసి. ఆ పదహారులో మన దేశం లేదు. కానీ ఈ రోజు ప్రపంచంలో అమ్ముడుపోయే మెహందీ పొడిలో పెద్ద భాగం రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ చుట్టుపక్కల పొలాల నుంచే వస్తుంది. సోజత్ మెహందీకి 2021లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. తిరుపతిలో మనం కొనే పొడి ప్యాకెట్ మీద చూడండి, చాలాసార్లు ఆ ఊరి పేరే ఉంటుంది.

ఒంటిమీద రంగు మూడు చోట్ల ఉంటుంది

చర్మంలో రంగు ఎక్కడ ఆగుతుంది అన్నది తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. దీనికి ఉదాహరణలు వెతుక్కోవడానికి తిరుపతి దాటి పోనక్కర్లేదు.

మొదటిది చర్మం పైన నిలిచే రంగు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకు తెలుసు. బైరాగి వేషం రోజు ఒళ్ళంతా తెల్లటి నామం సుద్ద. బండ వేషం రోజు కుంకుమ. తోటి వేషం రోజు బొగ్గుపొడి నలుపు. దొర వేషం రోజు చందనం. ఊరి ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ రోజుకొక వేషం వేసిందని కథ. జాయిస్ ఫ్లూకిగర్ అనే ప్రొఫెసర్ ఈ జాతర మీద పరిశోధన చేసి 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. ఈ రంగులన్నీ పైపైన ఉండేవే. సాయంత్రం స్నానం చేస్తే పోతాయి. రోజుకొక వేషం వెయ్యాలంటే పోవాల్సిందే కదా.

రెండోది లోపలికి దిగిపోయే రంగు, పచ్చబొట్టు. పాత రోజుల్లో ఎరుకల ఆడవాళ్ళు ఊళ్ళోకి వచ్చి సూదులతో పొడిచేవాళ్ళు. మా అవ్వ ముంజేతి మీద ఇప్పటికీ పచ్చగా ఒక తేలు ఉంది. సూది పైపొరను దాటి, కింద ఉండే డెర్మిస్ అనే పొరలో రంగు వదులుతుంది. ఆ పొర రాలిపోదు కాబట్టి పచ్చబొట్టూ పోదు. ఈ రోజు మెషీన్‌తో వేసే టాటూ సూత్రం కూడా అదే.

గోరింటాకుది ఈ రెండింటి మధ్య చోటు. చర్మం అన్నిటికన్నా పైన చనిపోయిన కణాల పొర ఒకటి ఉంటుంది. దాని పేరు స్ట్రాటమ్ కార్నియమ్. గోరింట రంగు ఆ పొరలోకి ఇంకి అక్కడే ఆగుతుంది. ఆ పొర రోజూ కొంచెం కొంచెం రాలిపోతూ కింద నుంచి కొత్తది వస్తుంటుంది. అందుకే రెండు మూడు వారాల్లో రంగు పాలిపోతుంది. అరచేతిలో, అరికాలిలో ఈ పొర మందం కాబట్టి అక్కడ బాగా పండుతుంది. చేతి వెనకవైపు పలచన కాబట్టి అంతగా పండదు. గోరులో ఎక్కిన రంగు మాత్రం ఆ గోరు పెరిగి కత్తిరించేదాకా, అంటే నెలల తరబడి ఉంటుంది.

పెళ్ళిలో పాదాలకు పెట్టే పారాణిని గోరింటాకుతో కలిపేయకండి. అది పసుపు, సున్నం కలిపిన ఎరుపు. పసుపులోని కర్క్యుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు కూడా అదే రియాక్షన్. ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో ఇండికేటర్ అని మనం చేసిన పనిని మన ఇళ్ళల్లో గడప దగ్గర ఎప్పటినుంచో చేస్తున్నారు.

పచ్చటి ఆకు ఎర్రగా ఎట్లా పండుతుంది

ఆకులో ఎరుపు రంగు తయారుగా ఉండదు. దాని ముందు రూపం చక్కెరతో ముడిపడి హెన్నోసైడ్లు అనే పదార్థాలుగా ఉంటుంది. ఆకును నలిపినప్పుడు, నీళ్ళు, కొంచెం పులుపు తగిలినప్పుడు ఆ ముడి విడిపోతుంది. విడిపోయింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లాసోన్ అవుతుంది. దీని పూర్తి పేరు 2-హైడ్రాక్సీ-1,4-నాఫ్తోక్వినోన్. మా అవ్వ ఆకును అంత మెత్తగా ఎందుకు రుబ్బేదో, చింతపండు ఎందుకు వేసేదో ఇప్పుడు తెలుస్తుంది. మెత్తగా నలిగితే ఎక్కువ హెన్నోసైడ్లు బయటపడతాయి. పులుపు ఉంటే లాసోన్ ఒకేసారి తయారై పాడైపోకుండా నిదానంగా వస్తుంది.

లాసోన్ చిన్న మాలిక్యూల్. చర్మంలోని కెరాటిన్ ప్రొటీన్‌తో మైకేల్ అడిషన్ అనే రియాక్షన్ జరిపి గట్టిగా కలిసిపోతుంది. కేవలం పైన అంటుకుని ఉండదు, బాండ్ ఏర్పడుతుంది. అందుకే సబ్బుతో రుద్దినా పోదు. కడిగిన వెంటనే నారింజ రంగులో కనిపిస్తుంది. తర్వాత ఒకటి రెండు రోజుల పాటు ఆక్సిడేషన్ జరుగుతూ ముదురు గోధుమ ఎరుపులోకి వస్తుంది. పొద్దున నారింజ, మర్నాడు ఎరుపు అన్న నా చిన్నప్పటి చిక్కుముడి ఇక్కడ విడిపోయింది.

"బాగా పండితే మంచి మొగుడొస్తాడు" అనే మాట ప్రతి ఇంట్లోనూ ఉంది. మా హాస్టల్‌లో దీనిమీద పెద్ద గొడవలే జరుగుతాయి. కెమిస్ట్రీ ప్రకారం బాగా పండాలంటే కావాల్సినవి నాలుగు: ఆకులో లాసోన్ ఎక్కువ ఉండాలి, చర్మం మందంగా ఉండాలి, చేతులు వెచ్చగా ఉండాలి, ఎక్కువ సేపు ఉంచాలి. పెనం మీద లవంగాలు వేసి ఆ పొగకు చేతులు చూపేది, నిమ్మరసం చక్కెర కలిపి అద్దేది అందుకే. లవంగాల పొగ చేతిని వెచ్చబెడుతుంది, చక్కెర ముద్దను ఆరిపోయి రాలిపోకుండా పట్టి ఉంచుతుంది. వచ్చే మొగుడికి దీంతో ఏ సంబంధమూ లేదు. ఇన్ని పనులు ఓపిగ్గా చేసిన అమ్మాయి మాత్రం మంచి ల్యాబ్ పార్ట్‌నర్ అవుతుంది.

చందమామ నుంచి అరబిక్ దాకా

ఇప్పుడు డిజైన్ల సంగతి. మన వైపు పాత పద్ధతి నేను పైన చెప్పిన చందమామ. మధ్యలో నిండు గుండ్రం, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. గీతలు కావాలంటే అగ్గిపుల్లతోనో చీపురుపుల్లతోనో లాగేవాళ్ళు. రుబ్బిన ఆకులో పీచు ఉంటుంది కాబట్టి సన్నగీత రాదు. అందుకే నిండు ఆకారాలు. దూరం నుంచి కూడా కనబడతాయి. కూచిపూడి, భరతనాట్యం చేసేవాళ్ళు అల్తాతో అరచేతి మధ్య పెట్టుకునే ఎర్రటి గుండ్రం కూడా ఇదే ఆకారం.

ఎండిన ఆకును సన్నగా జల్లించి పొడి చెయ్యడం, దాన్ని ప్లాస్టిక్ కోన్‌లో నింపడం వచ్చాక సన్నగీత సాధ్యమైంది. అక్కడి నుంచి స్టైళ్ళు మొదలయ్యాయి. రాజస్థానీ, మార్వాడీ పద్ధతిలో చెయ్యి ఖాళీ లేకుండా మోచేతి దాకా నింపుతారు. నెమళ్ళు, మామిడి పిందెలు, కలశాలు, పల్లకీ, పెళ్ళికొడుకు పెళ్ళికూతురు బొమ్మలు ఉంటాయి. రెండు చేతులు కలిపితే బొమ్మ పూర్తి కావాలి. పెళ్ళికూతురికి పెట్టాలంటే నాలుగైదు గంటలు పడుతుంది.

అరబిక్ స్టైల్ దీనికి సరిగ్గా ఎదురు. లావుపాటి గీతతో ఒక తీగ మణికట్టు దగ్గర మొదలై ఏటవాలుగా వేలి చివరికి పోతుంది. పెద్ద పూలు, ఆకులు, మిగతా చెయ్యంతా ఖాళీ. ఆ ఖాళీయే అందం. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి హాస్టల్‌లో నాకు వచ్చే ఆర్డర్లలో ముప్పాతిక ఇవే. ఇండో-అరబిక్ అంటే లావు గీతతో బయటి ఆకారం వేసి లోపల మన వైపు సన్నటి పని నింపడం. మొరాకో స్టైల్‌లో పూలు తక్కువ, చతురస్రాలు, త్రికోణాలు, గళ్ళు ఎక్కువ. మన చుక్కల ముగ్గు వచ్చినవాళ్ళకు అది తొందరగా పట్టుబడుతుంది. సూడాన్‌లో పెద్ద పెద్ద పూలను దాదాపు నల్లగా పెట్టుకుంటారు.

1979లో దాసరి నారాయణరావు తీసిన ‘గోరింటాకు’ సినిమా గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అందులో దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన పాట వినకుండా వాళ్ళ తరంలో ఏ ఆడపిల్లా చెయ్యి చాపి ఉండదు. ఆ పాటలోని గోరింటాకు కూడా ఎర్రటిదే. నలుపు అనే కోరిక మన ఇళ్ళల్లో చాలా కొత్తది.

నలుపు ఎక్కడిది

నల్ల రంగు తెలియక కాదు మనవాళ్ళు ఎరుపుతో ఆగింది. ఇక్కడికి 40 కిలోమీటర్ల లోపే శ్రీకాళహస్తి ఉంది. అక్కడ కలంకారీ వేసేవాళ్ళు ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి నల్ల ద్రావణం చేస్తారు. దాని పేరు కసిమి. గుడ్డను ముందే కరక్కాయ, పాలలో ముంచి ఉంచుతారు. వెదురు కలంతో కసిమి గీత గీయగానే కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నల్లబడతాయి. ఎరుపు కావాలంటే పటిక. తర్వాత పారే నీళ్ళల్లో ఉతకాలి, అందుకే ఆ పని స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది. ఒక గుడ్డ పూర్తి కావడానికి వారాలు పడుతుంది. అంటే చెట్టు నుంచి నలుపు వస్తుంది, కాకపోతే ఇనుము కావాలి, టైమ్ కావాలి, అదీ గుడ్డమీద. తలకు పెట్టుకునే హెన్నాను ఇనప బాణలిలో నానబెట్టేది కూడా ఈ లెక్కతోనే.

గోరింటాకు ఒక్కటే అయితే చర్మం మీద నారింజ నుంచి ముదురు గోధుమ దాకా పోతుంది. కడిగిన వెంటనే నల్లగా మాత్రం రాదు. పదిహేను నిమిషాల్లో నలుపు వచ్చిందంటే పని చేసింది ఆకు కాదు. చాలావరకు అది పారా-ఫెనిలీన్‌డయమీన్, పొట్టిగా పీపీడీ. హెయిర్ డైలలో వాడే రసాయనం. చిన్న మాలిక్యూల్, తొందరగా చర్మంలోకి దిగుతుంది, గాలి తగలగానే ఆక్సిడైజ్ అయి నల్లబడుతుంది. హెయిర్ డై డబ్బా మీద "48 గంటల ముందు టెస్ట్ చేసుకోండి" అని ఉంటుంది చూడండి, దీనికోసమే. యూరప్ చట్టం ప్రకారం తల రంగులో జుట్టుకు తగిలేటప్పటికి ఇది 2 శాతం దాటకూడదు, చర్మం మీద పూయడానికి అసలు అనుమతి లేదు. అమెరికాలో అయితే హెన్నాకే జుట్టుకు రంగుగా మాత్రమే అనుమతి ఉంది. అక్కడి కాంటాక్ట్ డెర్మటైటిస్ డాక్టర్ల సంఘం 2006లో పీపీడీని ‘అలర్జెన్ ఆఫ్ ది ఇయర్’గా ప్రకటించింది.

మా రూమ్మేట్‌కు మొదటిసారి ఏమీ కాకుండా రెండోసారి ఎందుకయింది? ఇది నాకు బాగా భయం కలిగించిన విషయం. మొదటిసారి పీపీడీ చర్మంలోకి పోయినప్పుడు మన ఇమ్యూన్ సిస్టమ్ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. బయటికి ఏమీ కనబడకపోవచ్చు. రెండోసారి తగిలినప్పుడు ఆ జ్ఞాపకం ఉన్న కణాలు ఒకటి నుంచి మూడు రోజుల్లో దాడి చేస్తాయి. దీన్ని డిలేయ్డ్ హైపర్‌సెన్సిటివిటీ అంటారు. ఆ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం పోదు. అంటే ఇరవై ఏళ్ళ పిల్ల రేపు నలభై ఏళ్ళకు తెల్లజుట్టుకు రంగేసుకోవాలన్నా మామూలు హెయిర్ డై వాడలేదు. కొందరికి కొన్ని గుడ్డల రంగులు, కొన్ని మత్తు మందులు కూడా పడకపోవచ్చు. యాభై రూపాయల డిజైన్‌కు ఇంత ఖర్చు.

"నాకు నాలుగుసార్లు పెట్టుకున్నా ఏం కాలేదు" అని ఎవరైనా అంటే, ఇదివరకు నేనూ నమ్మేదాన్ని. ఇప్పుడు ఆ మాట విన్నప్పుడల్లా అయిదోసారి గుర్తొస్తుంది.

ఎరుపు కోన్లు అన్నీ మంచివేనా అంటే అదీ కాదు. "అయిదు నిమిషాల్లో ఎర్రగా" అనే ఇన్‌స్టంట్ కోన్లలో కొన్నిటిలో పిక్రమిక్ యాసిడ్ సంబంధించిన రంగులు దొరికాయి. నిజమైన గోరింట ముద్ద పెరుగన్నం లాంటిది, బయట పెడితే కొన్ని రోజుల్లో పాడవుతుంది. మంచి కోన్ చేసేవాళ్ళు ఫ్రీజర్‌లో పెట్టి అమ్ముతారు. ఎండలో అట్టపెట్టెలో నెలల తరబడి ఉన్నా కోన్ పనిచేస్తుందంటే లోపల ఉన్నది ఆకొక్కటే కాదు అని అర్థం.

కొనేముందు, పెట్టేముందు

నేను ఇప్పుడు పాటిస్తున్న పద్ధతులు చెబుతాను. మీకూ పనికొస్తాయి.

కోన్ మీద తయారుచేసినవాళ్ళ పేరు, అడ్రస్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, ఏమేమి కలిపారో ఆ లిస్టు ఉన్నాయా చూడండి. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఇవి ఉండాలి. అట్ట లేకుండా ఉత్త కోన్లు గంపలో పోసి అమ్మితే వదిలేయండి. ముద్ద పిండి చూడండి. ఆకు ముద్ద ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటుంది, గడ్డి వాసన వస్తుంది. బొగ్గులా నల్లగా ఉన్నా, పెట్రోలు వాసనో, ఘాటైన మందుల వాసనో వచ్చినా చేతికి తగలనీయొద్దు.

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. వంటకు, ఒంటికి వాడే సన్నటి మెహందీ పొడి 100 గ్రాములు, నిమ్మరసం, రెండు చెంచాల చక్కెర, కొంచెం నీలగిరి తైలం. గట్టి పెరుగులా కలిపి మూతపెట్టాలి. తిరుపతి మే నెల ఎండల్లో మూడు నాలుగు గంటలకే పైన గోధుమ రంగు తేలుతుంది. చలికాలం అయితే రాత్రంతా ఉంచాలి. మిగిలింది ఫ్రీజర్‌లో పెడితే నెలలు ఉంటుంది. చేతిమీద కనీసం నాలుగు గంటలు ఉంచి, నీళ్ళతో కడగకుండా గీకేసి, కొబ్బరినూనె రాయాలి. నీలగిరి తైలం కూడా కొందరికి పడదు, ముందు మోచేతి మడత దగ్గర చుక్క పెట్టి ఒక రోజు చూడండి.

పై పేరాలో "వంటకు" అని అలవాటుగా వచ్చేసింది, దయచేసి తినకండి! ఎడిటర్ కొట్టేస్తానంటే నేనే వద్దన్నాను. రెసిపీ రాస్తే చెయ్యి ఇట్లాగే పోతుంది.

చంటిపిల్లలకు మాత్రం మంచి ఆకైనా సరే పెట్టకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం కొంతమందిలో పుట్టుకతో ఉంటుంది. అట్లాంటి పిల్లలకు లాసోన్ తగిలితే ఎర్రరక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి రావచ్చు. లోపం ఉందని తెలిసిన పెద్దవాళ్ళు కూడా దూరంగా ఉండడం మంచిది. ఒకవేళ నల్ల కోన్ పెట్టి దురద మొదలైతే రోజుల తరబడి చూడకుండా చర్మం డాక్టరు దగ్గరికి పోండి. ఏ కోన్ పెట్టారో దాన్ని కూడా తీసుకెళ్ళండి. మేము ఆ రోజు దాన్ని డస్ట్‌బిన్‌లో పడేసి పోయాం.

జవాబు

వాళ్ళమ్మకు ఈ సంగతులన్నీ చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఫోన్‌లో "ఆంటీ, నేను పెట్టింది గోరింటాకు కాదు, తెలుసుకోకుండా పెట్టినాను" అని చెప్పాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరేలే పాపా, ఇంక ఎవురికీ పెట్టబాక అది" అనింది. ఆ పదకొండు మందిలో నల్ల కోన్ తగిలింది ఒక్కరికే అన్నది నా అదృష్టం, అంతకన్నా ఇంకేం కాదు.

మా రూమ్మేట్ చేతి మీద పొక్కులు మానిపోయాయి. తీగ పోయిన చోట మాత్రం చర్మం ఇప్పటికీ కొంచెం తెల్లగా ఉంది. నిదానంగా కలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

ఈ ఆషాఢంలో ఊరికి పోయినప్పుడు అవ్వ చెట్టు నుంచి ఒక సంచి ఆకు తెచ్చాను. హాస్టల్ మెస్ అక్కను బతిమాలి మిక్సీలో రుబ్బించాను. ఈసారి డబ్బులు తీసుకోలేదు, డిజైన్లు కూడా లేవు, అందరికీ చందమామే. మా రూమ్మేట్ దూరంగా మంచం మీద కూర్చుని చూస్తా ఉండింది. పెట్టమని నేను అడగలేదు. పది గంటలప్పుడు తనే వచ్చి మోచెయ్యి చాపి, "ఒక చుక్క పెట్టు, చూస్తాం" అనింది. డాక్టరమ్మను అడిగే వచ్చిందట.

మర్నాడు ఆ చుక్క నారింజ రంగులో ఉంది. ఆ మర్నాడు ఎర్రబడింది. మూడో రోజు పొద్దున ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాం. ఉబ్బలేదు, దురద లేదు. వచ్చే ఉగాదికి అరచేతికి పెట్టమంది.

మీ ఊళ్ళో గోరింట చెట్టు ఉంటే, మీ ఇంట్లో రుబ్బేటప్పుడు ఏం కలుపుతారో, దాన్ని మీ వైపు ఏమని పిలుస్తారో మన క్లబ్‌కు రాసి పంపండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి వేద్దాం.